ఇంటిల్లిపాదికీ ఒకటే వంట, అందులోనే మీ లో-ఫాడ్‌మ్యాప్ గిన్నె

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. చాలాకాలంగా కడుపుబ్బరం, నొప్పి, ఒకరోజు విరేచనాలు, ఒకరోజు మలబద్ధకం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరుగారు ఐబీఎస్ (పేగు సున్నితమై ఇలా ఇబ్బంది పెట్టే జబ్బు) అని తేల్చి, 6 వారాలు లో-ఫాడ్‌మ్యాప్ ఆహారం, అంటే పేగులో గ్యాస్ పుట్టించే కొన్ని పిండిపదార్థాలు, చక్కెరలు తక్కువగా ఉండే తిండి తినమని ఒక ఇంగ్లీషు చార్టు చేతిలో పెట్టారు. చూస్తే ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కందిపప్పు, పాలు, పెరుగు అన్నీ ఎర్ర గడిలోనే ఉన్నాయి. ఇంట్లో అత్తమామలు, మీవారు, ఇద్దరు పిల్లలు. వంట మీదే, పైన ఉద్యోగం. రెండు వంటలు నా వల్ల కాదు, ఉల్లిపాయ లేకపోతే మా ఇంట్లో ముద్ద దిగదు, పెరుగు లేకుండా భోజనం ఎలా ముగించాలి, మామిడిపళ్ల రోజుల్లోనే రావాలా ఇది అని అడిగారు.

రెండు వంటలు అక్కర్లేదండీ. నేను ఆసుపత్రిలో డైటీషియన్‌ని. పొట్ట జబ్బుల విభాగం నుంచి వచ్చేవాళ్లకే ఎక్కువగా ఆహారం చెబుతుంటాను. ఈ డైట్‌ని రెండో వారంలో వదిలేసేవాళ్లలో ఎక్కువమంది మీలాంటివాళ్లే, అంటే పేషెంటూ వంట చేసే మనిషీ ఒకరే అయినవాళ్లు. అదే భర్తకి జబ్బయితే ఆయనకి వేరే గిన్నె పెడతారు. తమకైతే "నా ఒక్కదానికోసం ఏం చేసుకుంటాంలే" అని ఇంత మజ్జిగన్నం తిని లేస్తారు. ఆ మజ్జిగే ఇక్కడ కుదరదు. అందుకని నేను ముందుగా చెప్పేది ఏం తినాలన్నది కాదు, వంటలో ఏది ఎప్పుడు వేయాలన్నది. వరస మారిస్తే ఒకే పొయ్యి మీద ఇద్దరి పనీ అవుతుంది.

దానికంటే ముందు ఒక పని ఉంది. మీ రక్త పరీక్షల కాగితాల్లో సీలియాక్ జబ్బుకి (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) చేసే టీటీజీ యాంటీబాడీ పరీక్ష ఉందేమో చూడండి. లేకపోతే గోధుమ మానకముందే చేయించండి. గోధుమ మానేస్తే ఆ యాంటీబాడీలు క్రమంగా తగ్గిపోయి, జబ్బున్నా లేదనే వస్తుంది రిపోర్టు. మలంలో రక్తం పడడం, ఊరికే బరువు తగ్గడం, జ్వరం, రక్తం తక్కువగా ఉండడం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా చార్టు పక్కనపెట్టి మళ్లీ డాక్టరుగారి దగ్గరికే వెళ్లాలి.

ఇక ఫాడ్‌మ్యాప్ సంగతి. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీలో పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఈ పేరుతో కొన్ని పిండిపదార్థాలనీ చక్కెరలనీ ఒక గుంపుగా చేర్చారు. చిన్న పేగులో ఇవి సరిగా ఇంకవు. ఇంకక నీటిని లాగుతాయి, పెద్ద పేగులోకి చేరాక అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. ఇది అందరి కడుపులోనూ జరిగేదే. ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగు సున్నితం కాబట్టి ఆ సాగుదలే వాళ్లకి నొప్పి. అంటే ఉల్లి మీకు విషమూ కాదు, అలర్జీ అంతకన్నా కాదు. ఇదంతా మోతాదు లెక్క. పల్లీ అలర్జీ ఉన్నవాళ్లలాగా గిన్నెలు, గరిటెలు వేరే పెట్టుకోనక్కర్లేదు. ఉల్లిపాయ కోసిన కత్తి కడిగి మీ వంకాయ కోసుకోండి, ఏమీ కాదు.

ఇప్పుడు అసలు కిటుకు. ఉల్లిలో, వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టేవి ఫ్రక్టాన్లు అనే ఒక రకం ఫాడ్‌మ్యాప్‌లు. ఇవి నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చార్టులో సగం కంఠస్థం చేయక్కర్లేదు. సాంబారులో ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెట్టి, రసం మాత్రం పోసుకుంటానంటారు చాలామంది. ముక్క పోయినా దాని ఫ్రక్టాన్లు అప్పటికే పులుసులోకి దిగిపోయాయి. ఆవకాయలో వెల్లుల్లి రెబ్బ తీసేసి ఊట కలుపుకోవడమూ అంతే. ఆ ఊటలో నూనె ఒక్కటే లేదు, మామిడికాయ రసమూ ఉంది. రెబ్బ నెలల తరబడి అందులోనే నానింది. అదే వట్టి నూనెలో వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి, ఒక్కటి కూడా మిగలకుండా తీసేసి, ఆ నూనెతో తాలింపు పెట్టుకుంటే వాసన, రుచి వస్తాయి, ఫ్రక్టాన్లు రావు. ఉల్లిపాయ నూనె కూడా ఇలాగే చేసుకోవచ్చు. షరతు ఒకటే, ముక్కలు తీసేదాకా మూకుడులో నీటి చుక్క, టమాటా, చింతపండు ఏవీ పడకూడదు. ఇంకోటి, వీలుగా ఉంటుందని ఈ వెల్లుల్లి నూనె సీసాలో పోసి గట్టు మీద నిలవ ఉంచకండి. గాలి తగలని నూనెలో వెల్లుల్లి నుంచి బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే ప్రమాదం ఉంది. ఏ పూటకాపూట చేసుకుని వాడేయాలి.

మన వంటలో ఉల్లి మొదట పడుతుంది. తాలింపు చిటపటలాడగానే ఉల్లిపాయలు, అవి మగ్గాక అల్లం వెల్లుల్లి, ఆ తర్వాతే కూర ముక్కలు. ఈ ఆరు వారాలూ దాన్ని తిరగేయండి. బీన్స్ కూర చేస్తున్నారనుకోండి. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, కొద్దిగా అల్లం తురుము వేసి, బీన్స్ ముక్కలు, పసుపు, ఉప్పు వేసి మూత పెట్టండి. అది మగ్గుతుండగానే పక్క పొయ్యి మీద చిన్న మూకుడులో మిగతా ఐదుగురి కోసం ఉల్లిపాయ ముక్కలు, దంచిన వెల్లుల్లి ఎర్రగా వేయించండి. కూర ఉడికాక మీ వంతు ఒక గిన్నెలోకి తీసుకుని పైన చెంచాడు నువ్వుల పొడి చల్లుకోండి. మిగిలిన కూరలో ఆ ఉల్లి తాలింపు ఒంపేసి రెండు నిమిషాలు మూత పెట్టి దించేయండి. పొయ్యి దగ్గర నిలబడే సమయం పెరగదు, అదనంగా కడగాల్సింది ఒక్క చిన్న మూకుడు. విడిగా వేగిన ఉల్లి, కూరతోపాటు మగ్గి మెత్తబడిన దానికంటే కమ్మగా ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు గొణగరు. చాలామంది ఆరు వారాలయ్యాక కూడా ఈ పద్ధతిలోనే వండుతున్నామని చెబుతుంటారు.

చారు కూడా ఇలాగే. చిన్న గోలీ అంత చింతపండు, అర టమాటా, మిరియాలు, జీలకర్ర, ధనియాలు, కొత్తిమీరతో కాగిన మిరియాల చారు ముందు మీరు రెండు గరిటెలు తీసుకోండి. వెల్లుల్లి తాలింపు తర్వాత గిన్నెలో వేయండి. కోడి, మేక, చేప, గుడ్డు, వీటిలో అసలు ఫాడ్‌మ్యాప్‌లు లేవు, ఉన్న గొడవంతా మసాలా ముద్దతోనే. చికెన్‌కి అల్లం, పసుపు, ఉప్పు, మిరియాల పొడి, ధనియాల పొడి పట్టించి ఉడికించండి. మీ నాలుగు ముక్కలు తీసి పైన మిరియాలు, కరివేపాకు తాలింపు వేసుకోండి. మిగతాదాంట్లో వేరే మూకుడులో వేగిన ఉల్లి, అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా కలిపి కాసేపు మగ్గనివ్వండి. తడిలో ఉల్లి పడ్డాక వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు కాబట్టి ముందు మీ గిన్నె, తర్వాత వాళ్ల మూకుడు. ఆదివారం ఆరుగురికి వడ్డించే హడావుడిలో కూడా ఈ వరస తప్పకూడదు.

గ్రేవీకి ఉల్లి లేకపోతే చిక్కదనం ఎక్కడిదంటారా? వేయించిన పల్లీలు, నువ్వులు కలిపి నూరిన ముద్ద ఉల్లి లేని లోటు తెలియనివ్వదు. గుత్తి వంకాయకి మనం వాడేది అదే కదా. పల్లీలు గుప్పెడు, నువ్వులు చెంచా, ఎండు కొబ్బరి కొంచెం, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేయించి, ఉప్పు, పసుపు, చిటికెడు చింతపండుతో నూరండి. ఆ ముద్దలోంచి మీ కాయలకి సరిపడా తీసి కూరాక, మిగతాదాంట్లో వేయించిన ఉల్లి, వెల్లుల్లి వేసి ఇంకోసారి తిప్పండి. మీ కాయలు వేరే చిన్న మూకుడులో మగ్గనివ్వాలి, ఒకే గిన్నెలో ఓ మూలగా పెడితే లాభంలేదు, రసం కలిసిపోతుంది. జీడిపప్పు మాత్రం ఈ ముద్దలోకి రాకూడదు. జీడిపప్పు, పిస్తా రెండూ ఎర్ర గడిలోవే. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం వాడుకోవచ్చు, తెల్ల గడ్డ ఇంట్లోవాళ్లకి వదిలేయండి. సన్నగా తరిగి ఆమ్లెట్‌లో, బంగాళదుంప వేపుడులో దించేముందు వేస్తే ఉల్లి ఘుమఘుమ అక్కడే ఉంటుంది. ఇంగువ కూడా పనికొస్తుంది. బజారులో దొరికే ముద్ద ఇంగువ, పొడి ఇంగువల్లో మైదా కలిపేవి ఎక్కువ. ఫాడ్‌మ్యాప్ లెక్కలో చిటికెడుతో ఏమీ కాదు కానీ, పైన చెప్పిన సీలియాక్ పరీక్ష పాజిటివ్ అయితే మాత్రం మైదా కలపని ఇంగువ వెతుక్కోవాలి.

కారం గురించి కూడా చెప్పాలి. మిరపకాయలో ఫాడ్‌మ్యాప్ గొడవ లేదు. అయినా అందులోని క్యాప్సైసిన్ సున్నితమైన పేగుని రేపుతుంది. గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని, కారం మానమని నా నోటితో చెప్పను. కాకపోతే ఈ ఆరు వారాలు సగానికి తగ్గించండి. లేకపోతే నొప్పి వచ్చినప్పుడు అది ఉల్లి వల్లో కారం వల్లో తేల్చుకోలేక తల పట్టుకుంటారు.

పప్పు సంగతి చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. పప్పుల్లో ఇబ్బంది గ్యాలక్టాన్లు అనే ఇంకో రకం ఫాడ్‌మ్యాప్‌లతో. అవీ నీళ్లలో కరిగేవే. మన ఇళ్లల్లో ఒంట్లో బాగోలేనివాళ్లకి తేలిగ్గా ఉంటుందని పప్పు కట్టు పోస్తారు. ఐబీఎస్ కడుపుకి ఆ కట్టే బరువు, ఎందుకంటే పప్పులోంచి దిగిందంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. కాబట్టి కట్టు పారబోసి పప్పు తినాలి, వినడానికి పాపంలా ఉన్నా సరే. కందిపప్పుని ఈ ఆరు వారాలూ పక్కన పెట్టేద్దాం. పెసరపప్పు అయితే రెండు మూడు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఎక్కువ నీళ్లలో మూత లేకుండా ఉడికించి, అన్నం గంజి వార్చినట్టు వార్చేయండి. తర్వాత కొత్త వేడినీళ్లు పోసి మెదిపి, పాలకూరతోనో అర టమాటాతోనో పప్పు చేసుకోండి. ఉడికిన పప్పు పూటకి పావు కప్పు దాటకూడదు. కుక్కర్‌లో పెట్టి ఆ నీళ్లతోనే ఎనిపేస్తే ఈ శ్రమంతా వృథా. ఇంట్లోవాళ్ల కందిపప్పు కుక్కర్‌లో వాళ్ల పద్ధతిలో ఉడుకుతుంది, మీ పావు కప్పు చిన్న గిన్నెలో. రోజూ చేసుకోలేకపోతే రెండు రోజులకోసారి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. అది కూడా కుదరకపోతే ఆ రోజుకి పప్పు మానేసి గుడ్డు తినండి. శాకాహారులైతే పల్లీల పచ్చడితో, పల్లీ పొడితో సరిపెట్టుకోవచ్చు.

పెరుగు గురించి మీరు రెండుసార్లు అడిగారు. పాలు తోడుకునేటప్పుడు వాటిలోని చక్కెర, అంటే లాక్టోజ్, కొంత తగ్గుతుంది తప్ప పూర్తిగా పోదు. పెరుగు బాగా పులిస్తే ఇంకొంచెం తగ్గుతుంది, అప్పుడూ గిన్నెడు తినదగ్గది కాదు. దీనికి మార్గం లాక్టోజ్ లేని పాలు. అమూల్ లాంటి కంపెనీల ప్యాకెట్లు పట్నాల్లో సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. ఆ పాలు కాచి గోరువెచ్చగా చల్లారాక మామూలు పెరుగే అర చెంచా తోడేయండి. ఆ కాస్త తోడుతో ఏమీ కాదు. లాక్టోజ్‌ని ముందే గ్లూకోజ్‌గా, గ్యాలక్టోజ్‌గా విడగొట్టేస్తారు కాబట్టి ఆ పాలు కొంచెం తియ్యగా ఉంటాయి, పెరుగూ మొదటి రోజు తియ్యగానే అనిపిస్తుంది. ఇంకో రాత్రి బయట ఉంచితే మన రుచికి దగ్గరికొస్తుంది. ఒక చిన్న గిన్నెలో మీవరకూ తోడు పెట్టుకోండి, ఇంట్లో అందరికీ ఆ పాలు కొనక్కర్లేదు. ఖరీదు ఎక్కువే, ఆరు వారాలేగా. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు, వేడన్నంలో ధైర్యంగా వేసుకోండి. కొబ్బరి పాలు కప్పులో పావు వంతు దాటనివ్వకండి.

అన్నానికి అడ్డులేదు. అది లేకపోతే ఈ డైట్ మన దగ్గర నడిచేదే కాదు. రొట్టె కావాలంటే జొన్న రొట్టె. మరిగే నీళ్లు పోసి కలిపి, వేడి మీదే మర్దన చేసి చేత్తో తట్టుకుంటే విరగదు. బజారులో మల్టీగ్రెయిన్ అని అమ్మే పిండి మాత్రం కొనకండి, అందులో ఎక్కువ భాగం గోధుమే ఉండడం మామూలు.

టిఫిన్లలో మీకు దెబ్బ తగిలేది ఉప్మా దగ్గర. బొంబాయి రవ్వ గోధుమే కదా. దాని బదులు ఉప్పుడుపిండి చేసుకోండి. బియ్యపు రవ్వ ఒక గ్లాసుకి నీళ్లు రెండు గ్లాసులు. మందపాటి గిన్నెలో నూనె, ఆవాలు, జీలకర్ర, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, నానబెట్టి నీళ్లు వంపేసిన పెసరపప్పు రెండు చెంచాలు వేయండి. నీళ్లు పోసి, ఉప్పు వేసి, మరిగాక రవ్వ పోస్తూ కలిపి, మంట బాగా తగ్గించి మూత పెట్టి వదిలేయండి. అడుగున ఎర్రగా మాడుచెక్క కట్టేదాకా కదపకండి. ఆ చెక్క కోసం మా ఇంట్లో ఇప్పటికీ తగువే. ఇందులో ఉల్లి మొదటినుంచీ లేదు కాబట్టి ఇంటిల్లిపాదీ ఇదే తింటారు, ఆ పూట రెండో మూకుడు పని కూడా లేదు. ఇడ్లీ అయితే మినప్పప్పు ఒకటికి రవ్వ రెండు పాళ్లు, నానిన నీళ్లు పారబోసి రుబ్బి, బాగా పులియనిచ్చి చేసుకుని రెండు మూడు తినొచ్చు. పక్కన వెల్లుల్లి, పుట్నాలపప్పు లేని పల్లీ చట్నీ. సాంబారు వద్దు. అటుకులు, మరమరాలు, సగ్గుబియ్యం కూడా ఫర్వాలేదు. పెసరట్టు పలచగా ఒక్కటితో ఆపాలి, ఉప్మా పెసరట్టు ఆరు వారాల తర్వాత చూద్దాం.

కూరగాయల్లో బీన్స్, క్యారెట్, బంగాళదుంప, వంకాయ, బెండకాయ, పాలకూర, దోసకాయ, క్యాబేజీ మీవి. చాలావాటికి మోనాష్ లెక్క పూటకి 75 గ్రాములు, అంటే తరిగిన ముక్కలు ఓ కప్పుకి అటూ ఇటూ. టమాటా సగం కాయ. ఈ అంకెలు వాళ్లు మళ్లీ పరీక్షించినప్పుడల్లా కొంచెం మారుతుంటాయి, అందుకని 2012 నుంచి వాళ్లు నడుపుతున్న యాప్ కొనుక్కోమంటాను, జిరాక్స్ చార్టులు పాతబడి ఉంటాయి. మన కాయలన్నీ ఆ యాప్‌లో కనిపించవు. కనిపించనివాటిని మొదటి రెండు వారాలు ముట్టుకోకుండా, కడుపు కుదుటపడ్డాక కొద్దికొద్దిగా తిని చూసుకోండి. పుట్టగొడుగులు, పుచ్చకాయ, యాపిల్, తేనె ఇప్పుడు వద్దు. పళ్లలో కమలా, బొప్పాయి, అనాస, బాగా పండిన జామ తినొచ్చు. అరటిపండు మాత్రం మగ్గి మచ్చలు పడ్డది కాకుండా ఇంకా గట్టిగా ఉన్నది తినాలి.

ఒక్కొక్కటీ కొలత ప్రకారమే తిన్నా ఉబ్బరం వచ్చిందని కొందరు మళ్లీ వస్తారు. కంచంలో అన్నిటి హద్దూ ఒకేసారి చేరితే అంతే. పావు కప్పు పెసరపప్పు, ఒక పెసరట్టు, మినప ఇడ్లీ మూడూ ఒకే పూటలో పెడితే మూడిట్లోనూ ఉన్న గ్యాలక్టాన్లు కూడుకుంటాయి. పప్పు తిన్న పూట ఇడ్లీ వద్దు. మూడు నాలుగు గంటల ఎడం ఉంటే ఇబ్బంది తక్కువ.

చార్టులో రాయనివి కొన్ని. మొదటిది కాఫీ. మన ఫిల్టర్ కాఫీ పొడిలో చికోరీ కలుపుతారు, అది ఇనులిన్ అనే ఫ్రక్టాన్ మూట. మన దేశంలో 49 శాతం దాకా కలపవచ్చు, ప్యాకెట్ మీద శాతం రాస్తారు, చదవండి. ఉల్లి, వెల్లుల్లి అన్నీ మానేసి పొద్దున, సాయంత్రం స్ట్రాంగు డికాక్షన్ తాగుతూ తగ్గట్లేదనేవాళ్లని చూస్తూనే ఉంటాను. చికోరీ కలపని పొడి కొని ఒక కప్పుకి పరిమితం కండి. టీ అయితే ఎక్కువసేపు మరగనివ్వకుండా పలచగా. రెండోది పొడులు. కొబ్బరి కారం, నల్ల కారం, ఇడ్లీ కారం, పప్పుల పొడి, అన్నిట్లోనూ వెల్లుల్లి. సాంబారు పొడి, రెడీమేడ్ మసాలాల మీద విడమరచకుండా సుగంధ ద్రవ్యాలు అని మాత్రమే ఉంటే అందులో వెల్లుల్లి ఉందనే అనుకోండి. ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేయించి ఒక సీసాడు పొడి కొట్టి పెట్టుకుంటే అన్నిటికీ అదే నడుస్తుంది. మూడోది షుగర్-ఫ్రీ బిళ్లలు, చూయింగ్ గమ్, కొన్ని దగ్గు మందులు. వాటిలో తీపి కోసం వేసే సార్బిటాల్ కూడా ఈ గుంపులోదే. మామూలు పంచదారతో ఇబ్బంది లేదు. జీర్ణానికి మంచివని రాసి అమ్మే బిస్కెట్లు గోధుమ పొట్టుతో చేసినవి, అవీ వద్దు.

అత్తగారి విషయం. ఉల్లి, వెల్లుల్లి లేని వంట మీకంటే ఆవిడకే బాగా తెలిసి ఉండొచ్చు. కార్తీకమాసంలో నెలంతా మానే ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు! "డాక్టరు చెప్పాడు" అనడం కంటే "కార్తీకంలో మీరు చేసే కూరలు ఏవేంటి అత్తయ్యా" అని అడిగితే వంటింట్లో మీకు ఒక మనిషి తోడు దొరుకుతుంది. ఆ వంటని ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు, దాంట్లో కందిపప్పు, గారెలు, పాయసం బాగా ఉంటాయి. కూరలు, పచ్చళ్లు, పులిహోరవరకు తీసుకోండి. పులిహోర తాలింపులో శనగపప్పు ఒక చెంచా ఉంటే ఫర్వాలేదు, జీడిపప్పు వేయకుండా చేయండి. పెళ్లిళ్లకి వెళ్లాల్సి వస్తే ఇంట్లో తిని వెళ్లి, అక్కడ పులిహోర, వట్టి అన్నం, నెయ్యి, బంగాళదుంప వేపుడుతో సరిపెట్టుకోండి. పిల్లలకి మీ గిన్నెలోది పెట్టి వాళ్లనీ ఈ డైట్‌లోకి లాగకండి, వాళ్లకి అవసరం లేదు.

ఇప్పుడు అందరూ ఎగ్గొట్టే భాగం. ఆరు వారాలంటే ఆరు వారాలే, రెండు మూడు వారాల్లోనే తేడా తెలిస్తే ఇంకా ముందే ఆపేయొచ్చు. పూర్తిగా పాటించినా ఆరో వారానికి ఏ మార్పూ లేకపోతే మీ కడుపుకి ఇది మందు కాదు, మానేసి మామూలుగా తినండి, డాక్టరుగారితో వేరే దారి మాట్లాడండి. బాగుంటే ఇంకా ప్రమాదం, "ఇదే హాయిగా ఉంది, ఇలాగే ఉండిపోతాను" అంటారు. అలా ఉండిపోకూడదు. మనం ఎర్ర గడిలో పెట్టిన ఈ పదార్థాలే పేగులోని మంచి బ్యాక్టీరియాకి తిండి. ఎక్కువకాలం మానేస్తే బైఫిడోబ్యాక్టీరియా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పీచు, కాల్షియం కూడా తగ్గుతాయి. మలబద్ధకం మొదలైతే నీళ్లు ఎక్కువ తాగుతూ ఇసబ్‌గోల్ తీసుకోవచ్చు.

తిరిగి కలపడం ఇలా. మిగతా తిండంతా అదే కట్టడిలో ఉంచి, ఒక్కో ఫాడ్‌మ్యాప్ గుంపు (లాక్టోజ్, ఫ్రక్టాన్లు, గ్యాలక్టాన్లు, ఫ్రక్టోజ్ లాంటివి) నుంచి ఒక్క పదార్థమే తెచ్చుకోవాలి. మూడు రోజులు మోతాదు పెంచుతూ తినండి, తర్వాత రెండు మూడు రోజులు మళ్లీ పాత కట్టడి, ఆ తర్వాతే ఇంకోటి. లాక్టోజ్‌కి మామూలు పాలు పావు గ్లాసు, అర, గ్లాసు. గోధుమకి ఒక పుల్కా, రెండు, మూడు. పప్పుకి కందిపప్పు, ఈసారి కట్టుతోనే, పావు కప్పుతో మొదలుపెట్టి. ఉల్లి వేరు, వెల్లుల్లి వేరు, ఒకే గుంపు అయినా ఒకటి పడి ఇంకోటి పడనివాళ్లు ఉన్నారు. మొదటి రోజు బాగా తేడా చేస్తే రెండో రోజు మొండిగా తినకండి, రాసుకుని ఆపేయండి. నెలసరి దగ్గర పడిన రోజుల్లో ఏ పరీక్షా పెట్టుకోకండి. ఆ రోజుల్లో ఐబీఎస్ దానంతటదే రేగుతుంది, పాపం పాలమీదికి పోతుంది. సరిగా నిద్రలేని రోజులూ అంతే.

ఇలా చేశాక అన్నీ మానాల్సి వచ్చేది తక్కువమందికే. ఒకటో రెండో గుంపులు తేలతాయి, వాటిలో కూడా ఎంతవరకు తట్టుకోగలరో తెలుస్తుంది. ఉల్లిపాయ పులుసు పడకపోయినా, తాలింపులో వేగిన చెంచాడు ఉల్లి పడేవాళ్లు చాలామంది. అప్పుడు మీ చిన్న మూకుడు సాంబారు చేసిన రోజునే బయటికొస్తుంది.

ఇక మామిడి. కట్టడి రోజుల్లో కూడా సుమారు 40 గ్రాములు, అంటే రెండు చిన్న ముక్కలు తినొచ్చు, ఆ పూటకి వేరే పండు లేకుండా. పండు మామిడిలో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఉన్న ఫ్రక్టోజ్ అనే పళ్ల చక్కెర. దాన్ని తిరిగి కలిపేటప్పుడు పరీక్ష పెట్టడానికి మామిడిపండే వాడొచ్చు. ఏ గుంపు ముందు చేయాలన్న నియమం ఏమీ లేదు. కాబట్టి మీరు ఈ వారమే మొదలుపెట్టి, ఆరు వారాలు కాగానే పాలు, గోధుమల కంటే ముందు ఫ్రక్టోజ్ పరీక్ష పెట్టుకోండి. అప్పటికి బంగినపల్లి అయిపోయినా రసాలు ఇంకా బజారులో ఉంటాయి.